కలిసి పనిచెయ్యడం ఎవరి షరతుల మీద?
పలాస జీడి ఫ్యాక్టరీలు, ఉద్దానం పనిగుంపుల గురించి

'టీమ్ వర్క్' అనే మాట ఇవాళ టెక్కలి, పలాస కాలేజీల్లో చదివే పిల్లలందరికీ తెలుసు. ఇంటర్వ్యూలకు తయారుచేసే క్లాసుల్లో దానికో పీరియడ్ ఉంటుంది. నలుగురితో కలిసిపోవాలి, ఎదుటివాళ్ళు చెప్పేది వినాలి, గొడవొస్తే సర్దుకోవాలి, నాయకత్వ లక్షణాలు పెంచుకోవాలి అని చెబుతారు. ఆ మాటల్లో తప్పేమీ లేదు. కాని ఆ బెంచీల మీద కూర్చున్న మన పిల్లల తల్లుల్లో చాలామంది అప్పటికే పాతికేళ్ళుగా గుంపులో పనిచేస్తున్నవాళ్ళు. ఉబాలకు గుంపుగా వెళ్ళినవాళ్ళు, కోతకి వెళ్ళినవాళ్ళు, కాశీబుగ్గ జీడి ఫ్యాక్టరీల్లో పక్కపక్కన కూర్చుని పిక్కలు కొట్టినవాళ్ళు, ఉపాధి పనిలో ఒకే గోతిలో దిగి మట్టి ఎత్తినవాళ్ళు. పక్కమనిషి చెయ్యి ఆగిపోతే తన చెయ్యి కలపడం వాళ్ళకి ఎవరూ పాఠం చెప్పి నేర్పలేదు.

ఆ క్లాసులో రాని ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. గుంపును ఎవరు కూర్చారు? అందులో కష్టమైన చోటు ఎవరికి పడింది? లెక్క పుస్తకం ఎవరి చేతిలో ఉంది? దాహమైతే ఎవరు ఏ గ్లాసు ముట్టుకోవచ్చు? ఈ నాలుగూ తేలకుండా అందరూ కలిసి పనిచెయ్యండి అంటే, ఉన్న అమరికను నోరెత్తకుండా ఒప్పుకోండి అన్నట్టే. జలంత్రకోట నుంచి పలాస, టెక్కలి దాకా ఉన్న పనిచోట్లను దృష్టిలో పెట్టుకుని ఈ ప్రశ్నల్ని వివరించడానికి ఈ వ్యాసంలో ప్రయత్నిస్తాను. సంఘాల్లో తిరిగే మిత్రులకూ, టీచర్లకూ, కొత్తగా ఉద్యోగంలో చేరి పదిమంది మీద బాధ్యత మోయాల్సి వచ్చిన మన తరానికీ ఇది పనికిరావాలని నా కోరిక. మా ఇంట్లో యూనివర్సిటీ గుమ్మం తొక్కిన మొదటివాణ్ణి నేను. మేనేజిమెంటు పుస్తకాలు చాలా ఆలస్యంగా చేతికొచ్చాయి. వాటిలో పనికొచ్చేదీ ఉంది, చెప్పకుండా దాటేసిందీ ఉంది.

పిక్క నుంచి పప్పు దాకా

జీడి పిక్కను పప్పుగా మార్చడం ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదు. ముందు పిక్కల్ని ఎండబెట్టి నిలవ చేస్తారు. తర్వాత కాల్చాలి, లేదంటే బాయిలరు ఆవిరిలో ఉడికించాలి. పూర్వం డ్రమ్ములో కాల్చేవారు, తర్వాత ఆవిరి పద్ధతి వచ్చింది. చల్లారిన పిక్కను చేత్తోనో, కాలితో తొక్కే మిషను మీదో పగలగొట్టి లోపలి పప్పు తీస్తారు. కొన్నిచోట్ల ఒకరు పిక్క కోస్తే పక్కనున్నవాళ్ళు పప్పు విడదీస్తారు. ఆ పప్పు బోర్మాలోకి, అంటే వేడిగాలి గదిలోకి వెళ్తుంది. అక్కడ ఆరాక పైపొట్టు వదులవుతుంది. పొట్టు తీసేవాళ్ళు వేరు. చివరికి గ్రేడింగు బల్ల. గుండు, బద్ద, ముక్క అని విడదీసి, గుండులో మళ్ళీ సైజులు కడతారు. డబ్ల్యు 320 అంటే ఒక పౌను తూకానికి 300 నుంచి 320 గుండ్లు. డబ్ల్యు 180 అంటే 170 నుంచి 180 మాత్రమే. అంకె తగ్గేకొద్దీ గింజ పెద్దది, ధర ఎక్కువ. విరిగిందంటే ధర పడిపోయినట్టే.

ఇప్పుడు ఈ గొలుసును జాగ్రత్తగా చూద్దాం. ఆవిరి సరిగా పట్టకపోతే పెంకు మొండికేస్తుంది, కొట్టే ఆమె చేతిలో పప్పు విరుగుతుంది. బోర్మాలో చాలినంత ఆరకపోతే పొట్టు ఊడిరాదు. ఎక్కువ ఆరితే పప్పు పెళుసెక్కి, పొట్టు తీసే ఆమె గోటి కింద బద్దలవుతుంది. తప్పు ఒకచోట జరుగుతుంది, అది బయటపడేది ఇంకోచోట. మాట పడేదీ కూలి తగ్గేదీ ఎవరికంటే, విరిగినప్పుడు ఎవరి చేతిలో ఉందో వాళ్ళకి. దీన్ని సరిచెయ్యాలంటే పొట్టు తీసే ఆమె లేచి బోర్మా దగ్గరికి వెళ్ళి, 'ఈ వాయి ఎక్కువ ఎండిపోయింది, కాస్త చూడు' అని చెప్పగలగాలి. టీమ్ అంటే అసలు అర్థం ఇదే. ఒక దశలో ఉన్నవాళ్ళు ముందు దశవాళ్ళతో నేరుగా మాట్లాడగలగడం.

మరి ఆమె లేచి వెళ్ళగలదా? బోర్మా దగ్గర మగమనిషి, జీతం మీద ఉంటాడు. ఈమెది కిలో లెక్క. లేచిన పది నిమిషాలూ ఆమెకు కూలి లేదు. పైగా 'నీకెందుకు, నీ పని నువ్వు చూసుకో' అనే మాట. కాబట్టి చెప్పదు. మేస్త్రికి చెబుతుంది, మేస్త్రి చెప్పాలనుకుంటే చెబుతాడు. గుంపులో సమాచారం అడ్డంగా పారాల్సింది పోయి నిలువుగా పారుతుంది. దీనివల్ల యజమానికీ నష్టమే. అయినా ఆ నష్టాన్ని ఆయన భరిస్తాడు. ఎందుకంటే వీళ్ళు ఒకరితో ఒకరు నేరుగా మాట్లాడుకోవడం మొదలుపెడితే పప్పు గురించి మాత్రమే మాట్లాడుకుని ఆగరని ఆయనకు తెలుసు.

చోట్ల మధ్య తేడా ఇంకోటి ఉంది. పిక్క పెంకులో ఉండే నూనె చేతుల్ని కాలుస్తుంది. కొట్టేవాళ్ళు వేళ్ళకి బూడిదో, నూనో రాసుకుంటారు. అయినా చర్మం నల్లబడుతుంది, ఊడుతుంది. ఆ చేత్తో అన్నం కలుపుకోవడం ఎలా ఉంటుందో ఎవరైనా ఊహించుకోవచ్చు. గ్రేడింగు బల్ల దగ్గర ఆ బాధ లేదు. అక్కడ కళ్ళకీ నడుముకీ శ్రమ. కేరళలో కొల్లం చుట్టూ ఉన్న జీడి ఫ్యాక్టరీల చరిత్రను అన్నా లిండ్‌బెర్గ్ అనే స్వీడిష్ చరిత్రకారిణి చాలాకాలం పరిశోధించి 2001లో పుస్తకంగా తెచ్చారు. అక్కడ పెంకు కొట్టే చోట ఎక్కువగా దళిత స్త్రీలు, గ్రేడింగు దగ్గర నాయర్ స్త్రీలు, కాల్చే పనిలో మగవాళ్ళు. ఒకే కప్పు కింద, ఒకే కంపెనీలో, దశాబ్దాల తరబడి అమరిక అదే. 'ఎవరికి ఏ పని వచ్చో ఆ పని ఇస్తాం' అన్నది యజమానులు చెప్పే మాట. పని రావడం అనేది ఎక్కడి నుంచి వస్తుంది? కూర్చోబెడితే వస్తుంది. కూర్చోబెట్టకపోతే ఎన్నేళ్ళయినా రాదు.

పలాసలో ఏ ఫ్యాక్టరీలో అడుగుపెట్టినా మన కార్యకర్తలు ముందు చూడాల్సింది అదే. నూనె అంటే చోట ఎవరున్నారు, తూకం దగ్గర ఎవరున్నారు, వాళ్ళు ఏ పేటల నుంచి వస్తున్నారు? మాల, పైడి, రెల్లి, దండాసి పేటల ఆడవాళ్ళు ఏ బల్ల దాకా వెళ్ళి ఆగిపోతున్నారు? కూలి రేటు తర్వాత అడగొచ్చు. చోటు సంగతి తేలితే రేటు సంగతి సగం తేలుతుంది.

కిలో లెక్క చేసే పని

కిలో లెక్కన కూలి ఇవ్వడంలో ఆడవాళ్ళకి కొంత వెసులుబాటు ఉందని అంటారు. పిల్లాణ్ణి బడికి పంపి కాస్త ఆలస్యంగా రావచ్చు, పొద్దుండగానే ఎలిపోవచ్చు. నిజమే. కాని కిలో లెక్క చేసే అసలు పని వేరే. అది ప్రతి మనిషినీ తనమీద తనే మేస్త్రిని చేస్తుంది. పక్కనున్న ఆమె చేతివేగం నాకు బెదిరింపు అవుతుంది. మంచి పిక్కల బుట్ట ఎవరికి పడిందన్నది గొడవ అవుతుంది. బుట్టలు పంచేది మేస్త్రి కాబట్టి ఆయన దయ ఎవరిమీద ఉంటే వాళ్ళకి తేలిక పిక్కలు. కొట్టుకునేది ఆడవాళ్ళు, పెత్తనం పెరిగేది మేస్త్రికి. 'ఆడవాళ్ళు నలుగురు చేరితే గొడవే' అని నవ్వేవాళ్ళు ఈ బుట్టల సంగతి చూడరు.

దీనికి గుంపు తనంతట తాను కనిపెట్టుకునే జవాబు ఒకటుంది. అమెరికాలో షికాగో దగ్గర హాథార్న్ అనే చోట టెలిఫోను పరికరాల ఫ్యాక్టరీలో 1931-32లో ఒక పరిశీలన జరిగింది. 14 మంది కార్మికుల్ని ఒక గదిలో పెట్టి, వాళ్ళెలా పనిచేస్తారో నెలల తరబడి రాసుకున్నారు. ఎక్కువ చేస్తే ఎక్కువ డబ్బు వచ్చే ఏర్పాటు. అయినా ఆ గుంపు రోజుకి ఇంత పని చాలు అని తనకి తనే ఒక హద్దు పెట్టుకుంది. ఎవరైనా దాటి పరిగెడితే వెక్కిరించేవారు, భుజం మీద ఒక గుద్దు గుద్దేవారు. మరీ వెనకబడ్డవాణ్ణీ ఒప్పుకునేవారు కాదు. పైవాళ్ళకు ఎవరిమీదా చాడీలు చెప్పకూడదన్నది ఇంకో నియమం. పరిశోధకులు దీన్ని ఉత్పత్తిని అణిచిపెట్టడం అని రాశారు. కార్మికుల భయం వేరే. అది ఆర్థికమాంద్యం కాలం. ఎక్కువ చేసి చూపిస్తే రేటు తగ్గిస్తారు, మిగిలిన మనుషుల్ని తీసేస్తారు. వాళ్ళ భయం తెలివితక్కువదని నేననుకోను.

ఇది మన దగ్గర వరిమడిలో కూడా ఉంది. ఉబాల్లో వరసగా వంగి నాటేటప్పుడు ఒకామె మరీ ముందుకు పోతే వెనక నుంచి కేకేస్తారు. వరస కలవాలి. నెల తప్పినామె, జొరం తగిలినామె కూడా ఆ వరసలో ఇమడాలి. పెత్తందారు దీన్ని బద్ధకం అంటాడు. అది గుంపు తనలోని బలహీనుల్ని కాపాడుకునే పద్ధతి. గుంపును నడపాల్సిన ఎవరైనా మొదట నేర్చుకోవాల్సింది దీన్ని పగలగొట్టకుండా ఉండడం. వేగంగా చేసినవాళ్ళకి నలుగురిలో బహుమతి ఇచ్చే మేస్త్రి ఒక్కరోజులోనే ఆ వరసను చెడగొడతాడు.

మనుషుల్ని ఎంచుకునే చోట

ఇంతదాకా గుంపు మంచిదే అన్నాం. ఇక్కడే ఆగితే మనం కూడా ఆ సాఫ్ట్ స్కిల్స్ క్లాసులోకే వెళ్ళిపోతాం. గుంపుకు తన హద్దులు తనే పెట్టుకునే శక్తి ఉంది అంటే, ఎవర్ని బయట ఉంచాలో నిర్ణయించే శక్తి కూడా ఉందన్నమాట.

బొంబాయి బట్టల మిల్లుల్లో నేత ఖాతా, స్పిన్నింగ్ ఖాతా వేరు. నేతలో కూలి ఎక్కువ. అందులో దళితులకు చోటు లేదు. కారణం చాలా చిన్నదిగా కనిపిస్తుంది. మగ్గం మీద నాడె కండె మార్చినప్పుడు దారం కొసను నోటితో పీల్చి కంట్లోంచి బయటకు లాగేవారు. ఒకరు నోరు పెట్టిన నాడెను ఇంకొకరు ముట్టుకోవాలి. దళితుడు నోరు పెట్టిన నాడెను మిగతావాళ్ళు ముట్టుకోరు. దీన్ని యజమాని రూలు పెట్టి నడిపించాల్సిన అవసరం కూడా లేకపోయింది. పక్క మగ్గం కార్మికుడే నడిపించాడు. 1928 మిల్లుల సార్వత్రిక సమ్మెలో అంబేడ్కర్ ఈ విషయాన్ని లేవనెత్తి, నేత ఖాతా తలుపు తెరవడం కూడా డిమాండ్లలో ఉండాలని పట్టుబట్టారు. అప్పటి సమ్మె నాయకత్వం దాన్ని ఇష్టంగా తీసుకోలేదు. గుంపు ఐక్యతకు దెబ్బ అన్నది వాళ్ళ సందేహం. ఎవరి ఐక్యత అని అడిగే హక్కు బయట నిలబడినవాడికి ఉంటుంది గదా.

1938 ఫిబ్రవరిలో మన్మాడ్‌లో రైల్వే దళిత కార్మికుల సభ జరిగింది. అక్కడ అంబేడ్కర్ చెప్పిన సంగతి పలాస లాంటి రైల్వే ఊళ్ళో ఉన్నవాళ్ళకు బాగా అర్థమవుతుంది. దళితుడు గ్యాంగ్‌మన్‌గా చేరితే గ్యాంగ్‌మన్‌గానే ఉండిపోతాడు. పోర్టరు కూడా కాలేడు. ఎందుకంటే పోర్టరు చేత స్టేషన్ మాస్టరు ఇంటిపని కూడా చేయించుకుంటాడు, దళితుణ్ణి ఇంట్లోకి రానివ్వడు. అంటే ఆఫీసు పనికి మనిషిని ఎంచే చోట వంటింటి గుమ్మం అడ్డొచ్చింది. కులం శ్రమను విభజించడంతో ఆగదు, శ్రామికుల్నే విభజిస్తుందని ఆయన 1936లో చేసిన సిద్ధాంతానికి ఇంతకంటే సూటి ఉదాహరణ దొరకదు.

ఇప్పుడు మేనేజిమెంటు పుస్తకాల్లో గొప్పగా చెప్పే ఒక ప్రయోగం సంగతి. లండన్‌లోని టావిస్టాక్ సంస్థకు చెందిన ఎ.కె. రైస్ 1953లో అహ్మదాబాదు కాలికో మిల్లుకు వచ్చారు. ఆటోమేటిక్ మగ్గాలు పెట్టారు గాని ఉత్పత్తి పెరగలేదు. ఒక్కొక్కరికి ఒక్కో ముక్క పని, ఎవరు ఎవరితో కలిసి చెయ్యాలో తెలియని గందరగోళం. రైస్ సలహా ఏమంటే, కొన్ని మగ్గాలకి కలిపి ఒక చిన్న గుంపు, ఆ మగ్గాల మీద పనంతా ఆ గుంపుదే. ఈ మాట చెప్పగానే ఎవరు ఎవరితో ఉండాలో కార్మికులే ఎంచుకున్నారు. ఉత్పత్తి పెరిగింది, బట్ట పాడవడం తగ్గింది. పైనుంచి కర్ర పట్టుకుని నిలబడే మనిషి అవసరం తగ్గింది. మంచి ప్రయోగమే. దాని సారం మనకు పనికొస్తుంది కూడా. పని మొత్తాన్ని ఒక గుంపుకు అప్పగించి, లోపల పంచుకోవడం వాళ్ళకే వదిలేస్తే మనుషులు బాగా చేస్తారు.

కాని అహ్మదాబాదులో కూడా దళితులు ఎక్కువగా స్పిన్నింగ్ ఖాతాలోనే ఉండేవారు. నేత ఖాతా వాళ్ళకి మూసిన తలుపు. అంటే రైస్ గారి కార్మికులు ఒకర్నొకరు స్వేచ్ఛగా ఎంచుకోవడానికి ముందే, ఎవర్ని ఎంచుకునే అవకాశం లేదో మిల్లు గేటు దగ్గరే తేలిపోయింది. పుస్తకంలో గుంపు తనకు తానుగా ఏర్పడిందని చదివినప్పుడు నాకు ఆగిపోవాలనిపించింది ఇక్కడే.

శ్రమశక్తి సంఘాల అనుభవం

మన కళ్ళముందు జరిగిన ప్రయోగం ఇంకా పెద్దది. 2005 ఉపాధి హామీ చట్టం శ్రీకాకుళం జిల్లాలో 2007 నుంచి అమలైంది. తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో కూలీలను శ్రమశక్తి సంఘాలుగా కూర్చారు. గుంపుకో మేటు. హాజరు వెయ్యడం, కొలతలకు సిద్ధం చెయ్యడం, ఫీల్డ్ అసిస్టెంటుకీ కూలీలకీ మధ్య నిలబడడం మేటు పని. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ చట్టం స్థానంలో మరో చట్టం చేసింది. ఆ పోలిక వేరే వ్యాసానికి తగింది. గుంపు ఎలా నడిచిందన్నదే ఇక్కడ మన విషయం.

గుంపులో ఎవరుండాలో కూలీలే అనుకునే వీలుంది. కొలతను బట్టి వచ్చిన మొత్తాన్ని హాజరైనవాళ్ళందరికీ సమానంగా పంచాలి. మగా ఆడా తేడా లేదు. మన పొలాల్లో మగకూలి, ఆడకూలి అని రెండు రేట్లు పుట్టినప్పటి నుంచీ చూసినవాళ్ళకి ఇది చిన్న సంగతి కాదు. 1976లో వచ్చిన సమాన వేతన చట్టం చెయ్యలేని పనిని (దాన్ని తర్వాత 2019 వేతనాల కోడ్‌లో కలిపేశారు) ఒక కొలత టేపూ, ఒక మస్టరు రోలూ కొంతవరకు చేశాయి.

అయితే సమానంగా పంచడంలోనే చిక్కు ఉంది. గుంపులో ముసలామె ఉంటే తవ్విన మట్టి తగ్గుతుంది, అందరికీ తలా కొంత తగ్గుతుంది. అందుకని బలమైనవాళ్ళు బలమైనవాళ్ళతో కలుస్తారు. ఒంటరి ఆడది, ముసలివాళ్ళు, వికలాంగులు మిగిలిపోతారు. ఇక ఎంచుకోవడం అంటే పక్కింటివాళ్ళని ఎంచుకోవడమే, పక్కిల్లంటే మన ఊళ్ళలో కులమే. పేట గుంపు పేటకి, ఊరి గుంపు ఊరికి. చెరువు ఒక్కటే, గుంపులు రెండు, గోతులు రెండు. గట్టినేల ఏ గుంపుకి, మెత్తనేల ఏ గుంపుకి అని మార్కింగు వేసే చోట మళ్ళీ పాత కథ మొదలవుతుంది. గట్టినేల పడిన గుంపుకు కొలత తక్కువ వస్తుంది, ఆ తర్వాత ఆ పేటవాళ్ళు పని చెయ్యరు అనే పేరు వస్తుంది.

దీనికి విరుగుడు కులాలు కలిపి గుంపులు వేసెయ్యడమే అని కొందరు మిత్రులు అంటారు. నేను అంత తొందరగా ఒప్పుకోను. కలిపిన గుంపులో మేటు ఎప్పుడూ ఒక పక్కవాడే అయితే, విడిగా ఉన్నప్పుడు ఉన్న పాటి గొంతు కూడా పోతుంది. ముందు మేటు వంతు మారాలి. మార్కింగు అందరి ముందూ చీటీలు వేసి జరగాలి. కొలత రాసిన కాగితాన్ని అక్కడే చదివి వినిపించాలి. ఇవి జరిగిన చోట కలిసిన గుంపు నిలబడుతుంది. ఉద్దానం తీరంలో అలివి వల లాగేవాళ్ళని చూడండి. పడవకింత, వలకింత, మనిషికింత అని వాటాలు. వాటాల్లో పెద్దా చిన్నా ఉండొచ్చు, వలగలవాడికి ఎక్కువ పోవచ్చు. కాని పడిన చేప ఇసకమీద అందరి కళ్ళముందూ ఉంటుంది. ఫ్యాక్టరీ తూకం గదిలో ఆ వెలుగు లేదు.

నీళ్ళ కుండ

గుంపు నడపడం గురించి రాసే పుస్తకాల్లో తాగే నీళ్ళకి పేజీ ఉండదు. ఉద్దానంలో మాత్రం అది మొదటి పేజీ కావాలి. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్ళని తినేసిందో ఇక్కడి పాఠకులకు చెప్పనక్కర్లేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి, హిరమండలం నుంచి తాగునీటి పథకం ప్రారంభమయ్యాయి. జబ్బుకి ఇదొక్కటే కారణం అని శాస్త్రం తేల్చలేదు. ఎండలో, వేడిలో గంటలకొద్దీ పనిచేస్తూ చాలినన్ని నీళ్ళు తాగకపోవడం పరిశోధకులు చూస్తున్న కారణాల్లో ఒకటి. మధ్య అమెరికాలో నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరకుతోటల కూలీలకు ఇలాంటి జబ్బే ఉంది. నికరాగువాలో ఒక పెద్ద చక్కెర కంపెనీలో నీళ్ళు, నీడ, విరామం అనే మూడింటినీ పనిపద్ధతిలో భాగం చేశాక కూలీల్లో కిడ్నీ దెబ్బతినడం తగ్గిందని పరిశోధకులు ప్రకటించారు. మందు కాదు, గుంపు పని అమరిక మారింది.

కిలో లెక్క మీద కూర్చున్న ఆమె నీళ్ళకి లేవదు. తాగితే మళ్ళీ దొడ్డికి వెళ్ళాలి, ఆ దొడ్డి సరిగా ఉండదు, ఉన్నా వెళ్ళొస్తే కూలి తగ్గుతుంది. అందుకని తాగకుండానే ఓర్చుకుంటుంది. దానిమీద కుండ సంగతి. చేతులకు తగలకుండా పైనుంచి పోసే రోజులు పోయాయి అంటారు. చాలాచోట్ల పోయిన మాటా నిజమే. వాటి బదులు ఎవరి సీసా వాళ్ళు తెచ్చుకునే రోజులొచ్చాయి. సీసా అయిపోయాక ఏ కుండ దగ్గరికి వెళ్ళాలి అన్నది ఇప్పటికీ కొన్ని చోట్ల ఆలోచించాల్సిన విషయమే. గుంపు పెద్ద అయినవాళ్ళు గంటకోసారి పని ఆపించి అందరికీ ఒకేసారి నీళ్ళు ఇప్పిస్తే, లేచినందుకు ఒక్కరికే నష్టం అన్నది ఉండదు. ఒకే బిందె, వంతులవారీగా అన్ని పేటలవాళ్ళూ పంచేవాళ్ళు అయితే కుండ సంగతీ అక్కడే తేలుతుంది. దీనికి చట్టం మారక్కర్లేదు, యజమాని పెట్టుబడీ పెద్దగా అక్కర్లేదు. మేస్త్రికి మనసుండాలి, లేదా గుంపుకు మేస్త్రిని అడిగే బలముండాలి.

మన మనిషి మేస్త్రి అయితే

చివరిగా మన తరం సంగతి. రిజర్వేషను వల్లా, కష్టపడి చదవడం వల్లా మనలో కొందరు హెడ్‌మాస్టర్లు, బ్యాంకు మేనేజర్లు, సెక్షను ఆఫీసర్లు అయ్యారు. కింద పనిచేసేవాళ్ళు ఎదురు చెప్పరు. 'అలాగే సార్' అంటారు. ఆ తర్వాత పని జరగదు, లేదా మనల్ని దాటి పైఅధికారి దగ్గరికి వెళ్ళి సలహా అడిగి వస్తారు. దీన్ని వ్యక్తిత్వ లోపం అనుకుని మనలో మనమే కుమిలిపోతాం. ఇంకొందరు రెండో తోవ పడతారు. గొంతు పెంచి, మనకంటే ముందున్న పెత్తందారు ఎలా మాట్లాడేవాడో అలాగే మాట్లాడతారు. ఇంకొందరు అందరి పనీ తామే నెత్తినేసుకుని రాత్రిదాకా ఆఫీసులో కూర్చుంటారు. ఈ మూడో రకం మనలో ఎక్కువ. వాళ్ళని చూసి కష్టజీవి అని మెచ్చుకుంటారే గాని, గుంపు ఒక్కడిమీద పడి బతుకుతోందని ఎవరూ అనరు.

ఫ్యాక్టరీలో అడిగిన ప్రశ్నలనే ఇక్కడా అడగాలి. పని పంపకాన్ని నోటిమాటగా కాకుండా బోర్డుమీద రాసి పెట్టడం వల్ల పెద్ద మేలు ఉంది. అప్పుడు ఎదిరించాల్సి వస్తే బోర్డును ఎదిరించాలి, అది నలుగురికీ కనిపిస్తుంది. విసుగుపుట్టే పని, అందరూ తప్పించుకునే పని వారం వారం వంతు మారాలి. ఆ వంతులో ఆఫీసరు పేరు కూడా ఉంటే ఎవరూ నోరెత్తలేరు. మీటింగులో పెద్దకులం మనిషి చివర్లో మాట్లాడి తేల్చేసే అలవాటు ఉంటే, ముందు అటెండరుతో మొదలుపెట్టి అందరిచేతా ఒక్కో మాట చెప్పించాలి. మెచ్చుకోలు వచ్చినప్పుడు చేసినవాళ్ళ పేర్లు కాగితంమీద ఎక్కాలి. మనవాళ్ళని మాత్రమే దగ్గర పెట్టుకుంటే అది కొన్నాళ్ళు ధైర్యంగా ఉంటుంది, బదిలీ అయిన మర్నాడు వాళ్ళమీదే పడుతుంది. అలాగని మనవాళ్ళని దూరం పెట్టి నిష్పక్షపాతం నిరూపించుకోవాల్సిన అవసరమూ లేదు. మన సంఘాలు కూడా దీనికి అతీతం కాదు. ఉపన్యాసం ఎప్పుడూ మగవాళ్ళది, టీ కాయడం, కుర్చీలు వెయ్యడం ఎప్పుడూ ఆడపిల్లలది అయితే, జీడి ఫ్యాక్టరీ బల్లల అమరిక గురించి మాట్లాడే నైతిక హక్కు మనకి తక్కువే.

పలాస ఫ్యాక్టరీల్లో సంఘం పెట్టే మిత్రులు చోటు మార్పిడిని ఒక డిమాండుగా పెట్టాలని నా ప్రతిపాదన. కొన్ని నెలలు కొట్టే చోట ఉన్నవాళ్ళు తర్వాత పొట్టు తీసే చోటికి, అక్కడి నుంచి గ్రేడింగుకి రావాలి. నూనె అంటే పని ఒక పేట చేతులకే రాసిపెట్టినట్టు ఉండకూడదు. యజమాని వెంటనే చెప్పే జవాబు ఏమిటో మనకు తెలుసు. గ్రేడింగుకి కన్ను తిరగాలి, అది అందరికీ రాదు అంటాడు. 320కీ 240కీ తేడా ఎవరూ పుట్టుకతో నేర్చుకోలేదు, పక్కన కూర్చుని చూసి నేర్చుకున్నారు. కాబట్టి అడగాల్సింది ప్రతి గ్రేడింగు బల్ల దగ్గరా నేర్చుకునే మనిషికి ఒక పీట. నేర్చుకునే రోజుల్లో కిలో లెక్క కాకుండా రోజు కూలి. ఆ పీట మీద మొదట ఏ పేట ఆమె కూర్చోవాలో ఫ్యాక్టరీ కూలీలంతా కలిసిన సభలో తేల్చాలి.